విత్తు గొప్పదా? చేను గొప్పదా?

విత్తు గొప్పదా, చేను గొప్పదా అను వాదము మన పల్లెలకు పాతదే. పశువుల విషయమున దీనికొక సమాధానమును 1938లో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు ఆర్థర్ వాల్టన్, జాన్ హామండ్ వెలువరించిరి. దానిని మా శ్రోతలకు మనవి చేయుచున్నాము.

షైర్ జాతి గుఱ్ఱము బరువు బండ్లు లాగు మహాకాయము. షెట్లండు జాతిది పసిపిల్లలు సైతము ఎక్కదగిన తట్టువ. వీనిని సహజముగ జతపఱచుట దుస్సాధ్యము. కావున వారు కృత్రిమ గర్భధారణ పద్ధతి నవలంబించిరి. కొన్ని పిల్లలకు షైర్ తల్లి, షెట్లండు తండ్రి. మఱికొన్నింటికి షెట్లండు తల్లి, షైర్ తండ్రి. ఉభయులకును రెండు జాతుల రక్తము సగపాలే. అయినను పుట్టిననాడు షైర్ తల్లి పిల్ల రెండవదానికి సుమారు మూడు రెట్లు తూగినది! తండ్రి ఎంతటివాడైనను, తల్లి గర్భము తాను మోయగలిగినంతకే పిల్లను పెరుగనిచ్చినది. పొట్టితల్లికి ప్రసవగండము తప్పినది. పెరిగి పెద్దవైన పిదపకూడ ఆ భేదము పూర్తిగ మాసిపోలేదు.

అటుపిమ్మట కేంబ్రిడ్జిలోనే గొఱ్ఱెలపై జరిగిన పరిశోధనలు వేఱొక సంగతి తెలిపినవి. గర్భస్థపిండము బరువులో అధికభాగము చివరి వారములలోనే సమకూడును. అప్పుడు మేత కొఱవడినచో పిల్ల బలహీనముగ పుట్టును, తల్లికి పాలును తగ్గును.

హామండ్ 1964లో గతించిరి. మేలుజాతి ఆబోతుకై ఊరూరు వెదకు రైతు, ఇంటనున్న చూడియావు గాటిని ఒకమాఱు చూచుకొనవలెను. దూడ పోషణము తల్లి కడుపుననే మొదలగుచున్నది.