చాతం చరిత్రలో ఒక భాషాపాఠము

1858 మార్చి 10వ తేదీన డాక్టర్ వాకర్ వెంట ఇన్నూరు మంది ఖైదీలు అండమానులలోని చాతం దీవికి చేరిరి. పిదప వచ్చిన సిపాయి ఖైదీ దూధ్‌నాథ్ తివారి, ఏప్రిల్‌లో సమీపపు రాస్ దీవి నుండి పారిపోయి, గాయపడి, ఆదివాసుల నడుమ ఏడాదికి పైగా జీవించెను. నిఘంటువు లేదు, గురువు లేడు. వినుచు, చూచుచు వారి మాటను నేర్చెను. 1859 మేలో వారు అబర్డీన్‌పై దాడికి సిద్ధమగుట గ్రహించి, ముందుగా వచ్చి వాకరునకు తెలిపెను. ఆదివాసులు ఓడిరి.

వినుట, గ్రహించుట, సమయమెరిగి పలుకుట — ఈ మూడు నేర్పులును తివారికి కలవు. మాట నేర్పినవారి యెడ విశ్వాసము మాత్రము నిలువలేదు. అది లేనిచో ఎంతటి భాషాప్రావీణ్యమైనను మనుషులను కలుపజాలదు. ఆయుధమై నేర్పినవారినే గాయపరచును.