యుద్ధకాలపు దాడులు, దేశనేత యెడ ప్రజాదరణ (ఆంధ్రదేశము)

శత్రువు దాడిచేసినపుడు ప్రజలు అంతఃకలహములు మఱచి దేశనేత వెంట నిలుతురనుటకు 1971 డిసెంబరు ప్రబల నిదర్శనము. 3వ తేదీ సాయంకాలము పాకిస్తాను విమానములు పశ్చిమోత్తర భారత వైమానిక స్థావరములపై విరుచుకుపడగా, ఆ రాత్రియే పాకిస్తాను ఘాజీ జలాంతర్గామి విశాఖ చెంత మునిగిపోవుటతో, బందరు, దివిసీమ వాసులకు యుద్ధము తమ కడలిలోని వార్తయే అయినది. మూడు నెలలకు జరిగిన ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికలలో ప్రధాని ఇందిరాగాంధీ కాంగ్రెసు 287 స్థానములకు 219 గెలిచినది. ఇందు యుద్ధకీర్తి పాలెంతయో, పేదరిక నిర్మూలన నినాదపు పాలెంతయో విడదీయుట దుస్సాధ్యము. అయితే ఆ ఆదరము ఎంత చంచలమో కృష్ణామండలమే చాటినది: 1972 అక్టోబరులో తెలంగాణ ఉద్యోగములలో స్థానికులకు ప్రాధాన్యమిచ్చు ముల్కీ నిబంధనలను సుప్రీంకోర్టు సమర్థింపగా, ప్రత్యేకాంధ్ర రాష్ట్రము కోరు జై ఆంధ్రోద్యమము చెలరేగి, ఆ మండలపు కాంగ్రెసు పెద్ద కాకాని వెంకటరత్నమే దానికి అగ్రనాయకుడు కాగా, విజయము నార్జించిన నేతపై ఏడాది తిరుగకముందే తీరాంధ్రము అలిగినది, 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చినది.