ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు

నేను పెద్దమనిషినైన రోజు ఊరందరికీ తెలిసింది, నాకు తప్ప. అప్పుడు ఏడో తరగతి. బళ్ళోంచి వచ్చి చూసుకుంటే లంగా మీద నెత్తురు. ఏదో పెద్ద రోగమే వచ్చిందనుకున్నాను. ఎవరికి చెప్పాలో తెలీక గడ్డివాము వెనక కూర్చుని చాలాసేపు ఏడ్చాను. అమ్మమ్మ చూసి, చాప వేసి మూల కూర్చోబెట్టింది. మేనమామలకి కబుర్లు వెళ్ళాయి. పేరంటాళ్ళొచ్చి చిమ్మిలి పెట్టి పాటలు పాడారు. అంత సంబరంలో ఒక్కరు కూడా ఈ నెత్తురు ఎందుకొస్తుందో చెప్పలేదు. ఏవేవి ముట్టుకోకూడదో మాత్రం అందరూ చెప్పారు.

చాలా ఏళ్ళ తర్వాత, ఆడపిల్లల జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, ఆత్మహత్యల నివారణ చరిత్ర చదవడం మొదలుపెట్టాను. ఆ చరిత్ర మొదటి పేజీలోనే నాలాంటి పిల్ల ఒకతె కనిపించింది. ఆమె బతకలేదు.

1935లో ఇంగ్లండ్‌లోని లింకన్ పట్టణంలో ఛాడ్ వారా అనే యువ పాస్టరు తన జీవితంలో మొదటి అంత్యక్రియలు జరిపించాడు. చనిపోయింది పద్నాలుగేళ్ళ అమ్మాయి. నెలసరి మొదలైతే, తనకి సుఖవ్యాధి సోకిందని భయపడి ప్రాణం తీసుకుంది. అడగడానికి ఆమెకి ఒక్క మనిషి లేకపోయింది. ఆ సమాధి దగ్గరే వారా, ఇలాంటి విషయాలు పిల్లలకి చెప్పాలని నిర్ణయించుకున్నాడు. చెప్పినందుకు బూతు మనిషి అనిపించుకున్నాడు కూడా.

పద్దెనిమిదేళ్ళ తర్వాత, 1953 నవంబరు 2న, లండన్‌లోని సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ చర్చిలో ఆయన ఒక ఫోను పెట్టాడు. చనిపోవాలనిపిస్తున్నవాళ్ళు ఎవరైనా చెయ్యొచ్చన్నాడు. అదే సమారిటన్స్ సంస్థకి పుట్టుక. అప్పటికి ఇంగ్లండ్‌లో ఆత్మహత్యాప్రయత్నం నేరం. ఆ చట్టం 1961 దాకా పోలేదు. అంటే బాధ చెప్పుకోవడమంటే నేరం ఒప్పుకోవడంతో సమానమైన రోజులవి.

నన్ను ఆపిన విషయం ఆ తర్వాతది. వారాని కలవడానికి వచ్చినవాళ్ళు బయటి గదిలో కూర్చునేవాళ్ళు. వాళ్ళకి టీ ఇచ్చి, పక్కన కూర్చోడానికి కొందరు మామూలు మనుషులు స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళు. కొన్నాళ్ళకి ఆయనకో సంగతి అర్థమైంది. వచ్చినవాళ్ళు టీ ఇచ్చినవాళ్ళతోనే కష్టం చెప్పుకుని, తేలికపడి, లోపలికి రాకుండానే వెళ్ళిపోతున్నారు. 1954 ఫిబ్రవరిలో ఆయన వినే పనిని ఆ వలంటీర్లకే అప్పగించాడు. డిగ్రీలు లేని మనుషులు సలహాలివ్వకుండా, తీర్పు చెప్పకుండా వినడం అనే పద్ధతి అలా వచ్చింది. ఇవాళ ప్రపంచంలో ఎన్నో హెల్ప్‌లైన్లు ఆ పద్ధతి మీదే నడుస్తున్నాయి.

ఈ చరిత్రలో వారా పేరుంది. టీ ఇచ్చినవాళ్ళలో ఎక్కువమంది పేర్లు లేవు. ఆ అమ్మాయి పేరు అసలు లేదు. పాఠం మాత్రం ఆ ఇద్దరిదీ. తెలియాల్సింది ముందే చెప్పాలి, చెప్పుకోవాలని వచ్చినవాళ్ళ మాట వినాలి. ఈ రెండో సగాన్ని మన సమాజం కొంతవరకు అందుకుంది. 1986లో మద్రాసులో సైకియాట్రిస్టు డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 'స్నేహ' మొదలుపెట్టారు. 1997లో హైదరాబాదులో 'రోష్ని' వచ్చింది. అన్నీ వలంటీర్లతో నడిచినవే. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ ప్రారంభించింది. 14416కి చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు.

మొదటి సగం, అంటే ముందుగా చెప్పడం, ఇప్పటికీ మనకి గొంతులో అడ్డం పడుతూనే ఉంది. 2005 తర్వాత బళ్ళలో కౌమార విద్య కార్యక్రమం తెస్తే, 2007 నాటికి మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్‌తో సహా పలు రాష్ట్రాలు వద్దన్నాయి. 2009లో వెంకయ్యనాయుడు అధ్యక్షతన ఉన్న రాజ్యసభ పిటిషన్ల కమిటీ కూడా స్కూళ్ళలో లైంగిక విద్య ఉండకూడదంది. సంస్కృతి చెడుతుందన్నది భయం. చెప్పకపోవడం వల్ల పోయే ప్రాణాల లెక్క ఆ భయంలో లేదు.

తెలుగులో ఆ పని చేసింది స్త్రీలే. 1991లోనే హైదరాబాదు నుంచి 'సవాలక్ష సందేహాలు' వచ్చింది. ఆడవాళ్ళ శరీరం గురించి, ఆరోగ్యం గురించి ఆడవాళ్ళే కలిసి కూర్చుని రాసుకున్న పుస్తకం. మానసిక ఆరోగ్యం గురించిన చర్చల్లో దాన్ని ఎవరూ తలుచుకోరు. కానీ లింకన్‌లో ఆ పిల్లకి కావలసింది సరిగ్గా అలాంటి పుస్తకమే కదా!

మన పిల్లల దగ్గరికి వద్దాం. 2004లో లాన్సెట్‌లో ఒక అధ్యయనం వచ్చింది. మన చిత్తూరుకి పక్కనే ఉన్న వెల్లూరు దగ్గర కణియంబాడి బ్లాకు పల్లెల్లో, 1992 నుంచి 2001 దాకా, పది నుంచి పంతొమ్మిదేళ్ళ వయసువాళ్ళ మరణాలని నమోదు చేశారు. ఏటా లక్ష మందికి ఆత్మహత్యలు అబ్బాయిల్లో 58 అయితే, అమ్మాయిల్లో 148. ఇది పోలీసు రికార్డుల్లోంచి వచ్చిన లెక్క కాదు. ఇళ్ళకి వెళ్ళి, కుటుంబాలతో మాట్లాడి తేల్చింది. పరువుకీ పోలీసులకీ భయపడి ఇళ్ళు దాచుకున్న మరణాలు, గడప తొక్కి అడిగితేనే బయటికొచ్చాయి. 2016లో ప్రపంచం మొత్తంలో ఆత్మహత్య చేసుకున్న స్త్రీలలో 36.6 శాతం భారతీయులేనని 2018లో మరో అధ్యయనం చెప్పింది.

మనం ఈ చర్చని పరీక్షల దగ్గర మొదలుపెట్టి అక్కడే ముగిస్తాం. పరీక్షలు నిజమైన కారణమే, అయితే ఒక మరణానికి ఒక్కటే కారణం ఉండదు. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర నమోదు సంస్థ చెప్పింది. ఏర్పాట్లు మారితే ప్రాణాలు నిలుస్తాయని కూడా మనకి తెలుసు. తప్పినవాళ్ళు ఏడాది ఆగక్కర్లేకుండా వెంటనే మళ్ళీ రాసే పరీక్ష కోసం తమిళనాడులో 'స్నేహ' పట్టుబట్టింది అందుకే.

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చాయి. మూడు లక్షల మందికి పైగా తప్పారు. తర్వాతి రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు చనిపోయారు. తెలుగులో సున్నా వచ్చిన ఒక అమ్మాయికి మళ్ళీ చూస్తే 99 ఉన్నాయి. తప్పినవాళ్ళ పేపర్లన్నీ తిరిగి పరిశీలిస్తే 1,137 మంది పాసయ్యారు. తప్పు పిల్లలది కాదని తేలేసరికి కొన్ని ఇళ్ళలో దినాలు అయిపోయాయి.

ఆ వారం మా స్టాఫ్ రూములో నలుగురం ఆడ లెక్చరర్లం ఫెయిలైన పిల్లల జాబితా పంచుకుని ఇళ్ళకి ఫోన్లు చేశాం. ఎవరూ చెయ్యమనలేదు. ఒకమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా, "మేడమ్, మార్కులు సరే. నాన్న సంబంధం చూస్తున్నాడు. పాసైతే ఆపుతానన్నాడు" అంది. అప్పుడు నాకు కణియంబాడి అంకెలు గుర్తొచ్చాయి. అబ్బాయి తప్పితే మళ్ళీ రాస్తాడు. అమ్మాయి తప్పితే చదువే ఆగిపోవచ్చు. మేం ఆ తండ్రితో మాట్లాడాం. అమ్మాయి సప్లిమెంటరీ రాసింది. మేం చేసిందల్లా ఆ చర్చి బయటి గదిలో టీ ఇచ్చినవాళ్ళు చేసిందే.

కాకపోతే నన్ను కలవరపెట్టేది కూడా ఇదే. ఈ పని ఎన్నాళ్ళని ఆడవాళ్ళ మంచితనం మీద నడవాలి? చట్టం కదిలింది. 1860 నాటి శిక్షాస్మృతిలోని 309వ సెక్షనుకి 2018 మే 29న అమల్లోకొచ్చిన మానసిక ఆరోగ్య చట్టం పళ్ళు పీకింది. 2024 జూలై 1 నుంచి ఆ శిక్షాస్మృతే పోయింది. విశాఖలో నీట్ కోచింగ్‌కి వచ్చిన పదిహేడేళ్ళ అమ్మాయి మరణంపై తండ్రి వేసిన కేసులో, 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలరు ఉండాలంది. మార్కుల్ని బట్టి బ్యాచీలుగా విడగొట్టొద్దంది.

ఈ ఆదేశాలు గోడ మీద అంటించిన కాయితంగా మిగలకుండా చూడాల్సింది మనమే. కౌన్సెలరు పోస్టు ఉందా, దానికి జీతం ఉందా అని ప్రతి కాలేజీలో అడగాలి. ఆ కౌన్సెలరు అమ్మాయితో మార్కుల గురించే మాట్లాడి పంపేస్తున్నారా, శరీరం గురించీ, ప్రేమ గురించీ, ఇంట్లో కుదురుస్తున్న పెళ్ళి గురించీ వింటున్నారా అని కూడా అడగాలి. ఇళ్ళలో మనం చెప్పాల్సిన మాటలు మనం చెప్పాలి.

మా అమ్మాయికి పదేళ్ళప్పుడు ఒక సాయంత్రం కూర్చోబెట్టి, నెలసరి గురించి అంతా చెప్పాను. విని, "ఇంతేనా, దీనికి నీ గొంతెందుకు వణుకుతోంది?" అనడిగింది. గడ్డివాము సంగతి అప్పుడు చెప్పాను. లింకన్ పిల్ల సంగతి ఇంకొంచెం పెద్దయ్యాక చెప్పాను.