పూచీ ఎవరిది? గోల్కొండ, హైదరాబాదు నగరాల్లో విదేశీ యాత్రికుల భద్రత

రామగుండం, గోదావరిఖని ప్రాంతాల నుంచి ఈ పాఠం చదువుతున్న వారికి విలియం కింగ్ పేరు కొత్త కాదు. భారత భూవిజ్ఞాన సర్వే సంస్థకు చెందిన ఈ అధికారి 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. గనుల్లో ‘కింగ్ సీమ్’ అని పిలిచే బొగ్గు పొర ఆయన పేరు మీదిదే. ఆయన ఏం కనుగొన్నాడో పుస్తకాలన్నీ చెబుతాయి. ఊరూ పేరూ తెలియని ఒక విదేశీయుడు ఇక్కడ ప్రాణభయం లేకుండా ఎలా తిరగగలిగాడన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు బొగ్గు కంటే పాతది. దానికోసం రెండు వందల ఏళ్లు వెనక్కి, గోల్కొండ సుల్తానుల కాలానికి వెళ్లాలి.

ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే (1605–1689) ఆరుసార్లు తూర్పు దేశాలకు ప్రయాణించాడు. 1676లో అచ్చయిన ఆయన గ్రంథంలో ప్రయాణికులకు పనికివచ్చే సలహాలు చాలా ఉన్నాయి. పరువుగా ప్రయాణం చేయదలచినవాడు పల్లకీలో వెళ్లినా, బండిలో వెళ్లినా ఇరవై ముప్పై మంది సాయుధులైన బంట్లను వెంటబెట్టుకోవాలని ఆయన రాశాడు. కొందరి చేతిలో విల్లమ్ములు, కొందరి చేతిలో తుపాకులు ఉండాలి. పల్లకీ మోసే బోయీలకు నెలకు నాలుగు రూపాయలకు మించి ఇవ్వనక్కర లేదు, బంట్లకూ అంతే.

ఇక్కడొక సందేహం రావాలి. దారి తెలియని పరాయివాడి వెంట, వజ్రాలూ బంగారమూ ఉన్న మూటల వెంట, ముప్పై మంది ఆయుధాలు పట్టుకుని నడుస్తున్నారు. దొంగల నుంచి వీళ్లు కాపాడతారు సరే, వీళ్ల నుంచి కాపాడేదెవరు? టావెర్నియే దీనికి సూటిగా జవాబిచ్చాడు. బంట్లను కుదుర్చుకునే ప్రతి పట్టణంలో వాళ్లకొక నాయకుడు ఉంటాడు. వాళ్ల నడవడికకు అతడే పూచీ. అందుకు ప్రతి మనిషి నుంచీ అతడికి రెండు రూపాయలు ముడతాయి. బంటు తప్పు చేస్తే అతడి నాయకుడి మాట పోతుంది, మాట పోయిన నాయకుడికి మరుసటి ఏడాది బేరం ఉండదు. ప్రయాణికుడిని కాపాడిన అసలు ఆయుధం ఈ రెండు రూపాయల ఏర్పాటే అనిపిస్తుంది.

ఇదే పద్ధతి పెద్ద స్థాయిలో కర్ణాటక ప్రాంతపు వజ్రాల గనుల దగ్గర కనబడుతుంది. టావెర్నియే ‘రావోల్కొండ’ అని పేర్కొన్న గని అప్పట్లో బీజాపూర్ సుల్తాను ఏలుబడిలో ఉండేది. అది కర్నూలు దగ్గరి రామళ్లకోట అని కొందరు పండితులు గుర్తించారు. ఆయన వెళ్లగానే అక్కడి అధికారి ఆదరించి, తెచ్చిన బంగారానికి తానే బాధ్యుడినని చెప్పి, రాత్రింబవళ్లు కాపలాకు నలుగురు మనుషులను అప్పగించాడట. హాయిగా తిని నిద్రపొమ్మన్నాడట. ఒక్క షరతు మాత్రం పెట్టాడు: కొన్న ప్రతి సరుకు మీద సుల్తానుకు రావలసిన నూటికి రెండు వంతులు ఎగ్గొట్టకూడదు. పూచీ ఉచితం కాదని విద్యార్థులు గమనించాలి. రాజ్యం విదేశీయుడిని కాపాడింది దయతో కాదు, ఆదాయం కోసం.

భాగ్యనగరంలోకి అడుగుపెట్టడం ఇంకో తంతు. వంతెన దగ్గరి ద్వారం వద్ద ఉప్పు, పొగాకు ఉన్నాయేమోనని మూటలు వెతికేవారు, ఎందుకంటే ఖజానాకు వాటి మీద మంచి రాబడి. కొత్తవాడైతే కాపలా అధికారికి, అతడి ద్వారా దరోగాకు కబురు వెళ్లాలి. దరోగా ఊళ్లో లేకపోయినా, లేడని చెప్పించినా, ఒకటి రెండు రోజులు బయటే పడిగాపులు. టావెర్నియే విసుక్కున్నాడు. కానీ ఆ నిరీక్షణ కూడా భద్రతలో భాగమే. లోపలికి వచ్చినవాడెవరో, ఎక్కడ దిగాడో అధికారికి తెలిసిన తరువాత అతడికి ఏమైనా జరిగితే జవాబు చెప్పేవాడు ఒకడుంటాడు.

ఇంకో ఫ్రెంచి యాత్రికుడు తెవెనో 1666–67లో ఔరంగాబాదు నుంచి గోల్కొండకు మన ఉత్తర తెలంగాణ మీదుగా వచ్చాడు. ఇందల్వాయిలో తయారయ్యే కత్తులు, బాకులు, బల్లేల గురించి రాశాడు. దారిలో సుంకం చౌకీల బాధను తిట్టిపోశాడు. (నిజామాబాద్ జిల్లాలోని ఇందల్వాయి దగ్గర నేడు జాతీయ రహదారి మీద టోల్‌గేటు ఉంది. తెవెనో చూస్తే ఆశ్చర్యపోయేవాడు కాదు.) ఇంత దూరం క్షేమంగా తిరిగినవాడు పర్షియాలో ప్రమాదవశాత్తు పేలిన పిస్తోలు గుండుకు గాయపడి మంచం పట్టాడు. 1667 నవంబరులో తిరుగు దారిలో అక్కడే చనిపోయాడు.

పంతొమ్మిదో శతాబ్దానికి వచ్చేసరికి పరిస్థితి మారింది. మూసీకి ఉత్తరాన బ్రిటిష్ రెసిడెన్సీ, దానికి ఆవల సికింద్రాబాదు దండు. దక్షిణాన ప్రాకారం లోపల నిజాము నగరం. ఆ నగరంలో అరబ్బులు, రోహిల్లాలు, సిక్కులు తమ తమ జమాదారుల కింద ఆయుధాలతో తిరిగేవారు. ఆంగ్లేయుల దృష్టిలో అది ప్రమాదకరమైన ఊరు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్‌ల నాయకత్వంలో రెసిడెన్సీ మీద దాడి జరిగింది. 1859లో దర్బారు నుంచి బయటికి వస్తున్న రెసిడెంటు డేవిడ్‌సన్, దివాన్ సాలార్‌జంగ్‌ల మీద హత్యాయత్నం జరిగింది. కాబట్టి ఆ భయం పూర్తిగా కల్పితం కాదు.

అయినా యూరోపియన్లు నగరం చూడటం మానలేదు. రెసిడెన్సీ అనుమతి పత్రం తీసుకుని, దివాన్ పంపిన ఏనుగుల మీద చార్మినార్ వైపు ఊరేగడం అతిథులకు పరిపాటి అయింది. 1853 నుంచి 1883లో మరణించే వరకు దివాన్‌గా ఉన్న సాలార్‌జంగ్ ఇక్కడ పూచీదారు. ఏనుగు మీద ఉన్నవాడు దివాన్ అతిథి అని వీధి మొత్తానికి తెలుస్తుంది. అతడి మీద చేయి వేయడమంటే దివాన్ మీద వేయడమే. కానీ ఏనుగు ఎత్తు నుంచి ఆ అతిథికి ఏం కనబడింది? బురుజులు, జనం, ఆయుధాలు. ఆనాటి ఆంగ్ల రచనల్లో హైదరాబాదు ఎప్పుడూ రంగులమయమైన, అనుమానాస్పదమైన నగరంగా ఉండటానికి ఈ ఎత్తు కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

ఆ వీధుల్లో అసలు ప్రమాదంలో ఉన్నవారు స్థానికులు. అరబ్బు జమాదారులు వడ్డీకి అప్పులిచ్చి, తీర్చలేని వారిని తమ ఇళ్లలోనే నిర్బంధించేవారు. ఆ బాకీదారుడి కోసం ఏనుగు రాలేదు. సాలార్‌జంగ్ కోర్టులను, పోలీసును పునర్‌వ్యవస్థీకరించి, 1865లో జిల్లాబందీ అమలుచేసిన తరువాతే జమాదారుల అధికారం క్రమంగా తగ్గింది. కింగ్ బొగ్గు వెతుక్కుంటూ వచ్చింది ఈ కొత్త పాలన కిందికే. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి గనుల హక్కులు దక్కాయి. 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది. ఆ కంపెనీయే 1920లో సింగరేణి కాలరీస్‌గా పేరు మార్చుకుంది. రామగుండం ప్రాంతంలో గనులు 1960ల ప్రారంభంలో వచ్చాయి.

విదేశీ ఇంజనీరుకు ఒప్పందమూ ప్రభుత్వమూ పూచీ. మరి గనిలోకి దిగిన కూలీకి? భారత బొగ్గు గనుల్లో విస్తృతంగా ఉన్న పద్ధతి ప్రకారం కూలీలను తెచ్చేది సర్దారు లేదా కాంట్రాక్టరు. ఊళ్లో ముందుగా కొంత సొమ్ము బయానా ఇచ్చి తీసుకొచ్చేవాడు. అతడూ పూచీదారుడే, కానీ ఎవరికి? యజమానికి. కూలీ క్షేమంగా ఉంటాడని కాదు, పని వదిలి పారిపోడని. టావెర్నియే వర్ణించిన నాయకుడు బంట్ల తరఫున పరాయివాడికి మాట ఇచ్చాడు, ఇక్కడ ఆ మాట దిశ తిరగబడింది.

అభ్యాసం: మీ కుటుంబంలో గని పనికి మొదట వచ్చినవారు ఎవరు? ఏ ఊరి నుంచి, ఎవరి వెంట వచ్చారు? తొలి రాత్రి ఎవరింట్లో తలదాచుకున్నారు, అక్కడ వారి గురించి హామీ ఇచ్చిందెవరు? పెద్దలను అడిగి, వారు చెప్పిన మాటల్లోనే ఒక పేజీ రాయండి. పేర్లతో పాటు, గుర్తున్నంతవరకు సంవత్సరాలు కూడా రాయండి.