వార్డులో ఎవరి చేయి ఎవరిది

కులవివక్షను జాతివివక్షతో సమానంగా చూడాలా అన్న తగవు 2001లో డర్బన్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సు దాకా వెళ్లింది. చూడాలన్నాయి దళిత సంఘాలు. భారత ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఏలూరు, కొల్లేరు ప్రాంతాల వైద్య చరిత్ర తిరగేసినవాళ్లకు ఆ తగవులో ఎటు నిలబడాలో సందేహం ఉండదని నా నమ్మకం. రోగిని ఎవరు ముట్టుకోవచ్చు, ఎవరి చేతి నీళ్లు తాగొచ్చు అన్నదే ఇక్కడ జబ్బుకన్నా ముందు తేలాల్సిన సంగతిగా ఉండేది.

ఆసుపత్రులు రాకముందు వైద్యుడు ఊళ్లో, దళితులు ఊరవతల పల్లెలో. పురుళ్లు పోసే మంత్రసాని చాలాచోట్ల మంగలి ఇంటి మనిషి, కొన్నిచోట్ల దళిత స్త్రీ. బిడ్డ బయటపడేదాకా ఆమె చేతికి అడ్డు లేదు. పురిటి శుద్ధి కాగానే ఆమె మళ్లీ వాకిలి బయటే.

1883లో అమెరికా లూథరన్ మిషన్ తరఫున డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరు వచ్చారు. 1898లో అక్కడ ఆడవాళ్లకూ పిల్లలకూ ఆసుపత్రి లేచింది. దాని ఎదుట రోగుల బంధువుల కోసం సత్రం కట్టించింది మన ఏలూరు జమీందారు, కవి మంత్రిప్రెగడ భుజంగరావు. భార్యకు అందిన వైద్యానికి కృతజ్ఞతగా కట్టించిన సత్రమది. వంట ఎవరిది వాళ్లే వండుకునే రోజుల్లో, ఆచారం గల ఇళ్ల ఆడవాళ్లు ఆసుపత్రిలో చేరడానికి ఆ నీడ ధైర్యమిచ్చింది. రాజమండ్రిలో, భీమవరంలో లూథరన్లు, కొల్లేటి అంచున ఆకివీడులో కెనడా బాప్టిస్టులు ఆసుపత్రులు నడిపారు. ఆకివీడులో డాక్టర్ పెర్ల్ స్మిత్ చ్యూట్ పనిచేశారు. చుట్టూ ఉన్న లంక ఊళ్లవాళ్లకు దగ్గరి పెద్ద దిక్కు ఆ ఆసుపత్రే. ఈ మిషన్లవాళ్లంతా మతప్రచారం చేశారు, నిజమే. తలుపు మాత్రం పల్లెకూ ఊరికీ ఒకేలా తీశారు.

నా దృష్టిలో అసలైన మార్పు తెచ్చింది డాక్టర్లు కాదు, నర్సులు. నెత్తురూ మలమూత్రాలూ ముట్టుకునే పని అని పెద్ద కులాలవాళ్లు ఆడపిల్లల్ని ఈ చదువుకు పంపలేదు. మిషన్ బడుల్లో చదువుకున్న మాల, మాదిగ క్రైస్తవ కుటుంబాల పిల్లలే తెల్ల యూనిఫాం వేసుకున్నారు. వీధిలో వీళ్లు ఎదురైతే పక్కకు తప్పుకున్న మనుషులే వార్డులో వీళ్ల చేతి మందు మింగారు, వీళ్లు ఎత్తి కూర్చోబెడితే కూర్చున్నారు. ఏ చట్టమూ చేయలేని పని అది. దానికి ఆ పిల్లలు చెల్లించిన మూల్యం పెద్దది: రాత్రి డ్యూటీల మీద పుకార్లు, కుదరని పెళ్లిళ్లు, సిస్టరమ్మా అని పిలుస్తూనే వెనక కులం పేరెత్తడం. నర్సుల పనికి గౌరవం వచ్చాక కూడా మార్చురీ, మరుగుదొడ్లు ఆ కులాల చేతుల్లోనే మిగిలిపోయాయి. ఇది నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వదు.

చట్టాలు తర్వాత వచ్చాయి. 1938లో మద్రాసు శాసనసభ ప్రభుత్వ సొమ్ముతో నడిచే సంస్థల్లో అంటరానితనం కూడదంది. 1950లో అంటరానితనాన్ని రద్దుచేసే రాజ్యాంగం 17వ అధికరణం వచ్చింది. 1955 అంటరానితనం నేరాల చట్టం ఐదో సెక్షన్ మరీ సూటిగా ఉంది: అంటరానితనం పేరుతో ఆసుపత్రిలో చేర్చుకోకపోయినా, చేర్చుకుని తేడా చూపినా నేరమే. 1976లో దాన్ని సవరించి పౌరహక్కుల రక్షణ చట్టమన్నారు. అయితే ఇప్పుడు కులం పేరెత్తి ఎవరూ పొమ్మనరు. బెడ్ ఖాళీ లేదంటారు, విజయవాడ తీసుకెళ్లమంటారు. అత్యవసర వైద్యం జీవించే హక్కులో భాగమని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, రాత్రివేళ క్యాజువాలిటీ ముందు నిలబడ్డవాడికి ఆ తీర్పు చదివి వినిపించేదెవరు?

ఏలూరు, తాడేపల్లిగూడెం వీధుల్లో నర్సింగ్ హోమ్‌లు పెరిగాక గుమ్మం దగ్గర అడ్వాన్సు కూర్చుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆ అడ్డును కొంత తొలగించింది, తెల్లకార్డు చేతిలో పట్టుకుని కార్పొరేట్ ఆసుపత్రి మెట్లెక్కిన కూలీ కుటుంబాలెన్నో. అడ్డు డబ్బే కాదు, జబ్బు పేరు కూడా: హెచ్‌ఐవీ ఉందని తెలియగానే ఆపరేషన్ వాయిదా వేసే అలవాటుకు 2017 చట్టం నిషేధం పెట్టింది.

2020 డిసెంబరులో ఏలూరులో అంతుచిక్కని జబ్బుతో వందలమంది మూర్ఛపోయి పడిపోయారు. ఇన్ని నర్సింగ్ హోమ్‌లు ఉన్నా వన్‌టౌన్ నుంచి జనమంతా పరుగెత్తింది ప్రభుత్వాసుపత్రికే. బాధితుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో బయటపడింది.

ఆసుపత్రుల్లో తేడాలు బయటపడాలంటే లెక్క ఉండాలి. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ 2015 నుంచి తన సిబ్బందిలో జాతుల మధ్య తేడాల్ని ఏటా లెక్కగట్టి ప్రకటిస్తోంది. తెలుగు డాక్టర్లు, నర్సులు కూడా ఆ లెక్కల్లో ఉంటారు. మనకూ అలాంటి లెక్క కావాలి. ఏ కులం రోగి, ఏ లంక ఊరి రోగి, బుట్టాయగూడెం వైపు ఏ కోయగూడెం రోగి ఎంతసేపు బల్లమీద కూర్చున్నాడు, ఎవరిని ఎక్కడికి రిఫర్ చేశారు అన్నది రాసి, గోడమీద పెట్టాలి. ఏలూరు ప్రభుత్వ వైద్య కళాశాల 2023 సెప్టెంబరులో తెరుచుకుంది. అక్కడి విద్యార్థుల్ని చదువు పూర్తికాకముందే కొల్లేటి ఊళ్లకూ కోయగూడేలకూ పంపి, ఈ లెక్క వాళ్ల చేతనే రాయించాలని నా కోరిక.