చార్మినార్ ద్వారంలో అక్షరం: నిజాం నాణేల్లో రాజోత్సవ స్మృతి

ఉపోద్ఘాతం

రాజకుటుంబంలోని ముఖ్య ఘట్టాలను నాణేలపై ముద్రించి భద్రపరచడం అనేక రాజ్యాలలో ఉన్న ఆచారమే. ఐదవ జార్జి రజతోత్సవానికి 1935లో బ్రిటన్ ప్రత్యేక క్రౌన్ నాణెం వెలువరించింది. గంగాసింగ్ పాలనకు యాభై ఏళ్లు నిండిన 1937లో బికనీర్ సంస్థానం బంగారు, వెండి నాణేలు ముద్రించింది. హైదరాబాదు సంస్థానం విషయంలో మాత్రం ప్రత్యేక స్మారకాల కంటే నిత్యం చేతులు మారిన నాణెమే విలువైన సాక్ష్యం. మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతాన్ని ఆధారం చేసుకొని ఈ వ్యాసం ఆ సాక్ష్యాన్ని పరిశీలిస్తుంది.

నాణెంపై పాలన గుర్తులు

1858 వరకు ఆసఫ్‌జాహీ నాణేలు మొగలు చక్రవర్తుల పేరిట వెలువడ్డాయి. ఆ తరువాత నిజాం బిరుదం వాటిపై చోటు చేసుకుంది. 1903లో సైఫాబాదు టంకశాల ఏర్పడిన కాలం నుంచి చార్మినార్ బొమ్మ గల నాణేలు వాడుకలోకి వచ్చాయి. మీర్ మహబూబ్ అలీఖాన్ కాలపు నాణేలలో చార్మినార్ ద్వారం మధ్య ‘మీమ్’ అక్షరం ఉంటుంది. 1911లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కగా ఆ స్థానంలో ‘ఐన్’ వచ్చింది. తొలి ముద్రణలలో ఈ అక్షరం పొట్టిగాను, తరువాతి వాటిలో పూర్తి రూపంలోను ఉంటుంది. సేకర్తలు వీటిని రెండు వేర్వేరు రకాలుగా లెక్కిస్తారు. పాలకుడు మారిన సంగతిని ఒక్క అక్షరం చెబుతుంది.

హిజ్రీ సంవత్సరంతోపాటు పాలనా సంవత్సరాన్ని కూడా నాణెంపై ముద్రించేవారు. ఇక్కడ పరిశోధకుడు జాగ్రత్త వహించాలి. ఇరవై ఐదు చాంద్రమాన సంవత్సరాలు అన్నే సౌర సంవత్సరాల కంటే సుమారు తొమ్మిది నెలలు తక్కువ. ఆ లెక్కన నిజాం పాలనకు 1935 చివరికే ఇరవై ఐదేళ్లు నిండాయి. ఐదవ జార్జి మరణం వల్ల వాయిదా పడిన రజతోత్సవం 1937 ఫిబ్రవరిలో జరిగింది. కాబట్టి నాణెంపై ఉన్న అంకెను ఉత్సవ తేదీతో నేరుగా ముడిపెట్టరాదు. ఆ ఉత్సవ స్మృతి తపాలా బిళ్ళలపై స్పష్టంగా నిలిచింది. యునానీ ఆసుపత్రి, ఉస్మానియా ఆసుపత్రి, ఉస్మానియా విశ్వవిద్యాలయం, జూబిలీ హాలు వాటిపై చిత్రితమయ్యాయి.

మేడ్చల్ నేపథ్యం

మేడ్చల్ తాలూకా అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో, అంటే నిజాం సొంత ఆస్తియైన సర్ఫ్-ఎ-ఖాస్‌లో ఉండేది. అక్కడి శిస్తు దివానీ ఖజానాకు కాక నిజాం సొంత ఖజానాకు చేరేది. రాజు గుర్తు గల హాలీ సిక్కా రైతు చేతిమీదుగా తిరిగి రాజు చెంతకే వెళ్ళేదన్నమాట. నేటి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని చర్లపల్లిలో 1997 నుంచి టంకశాల పనిచేస్తోంది. 2023లో నందమూరి తారక రామారావు శతజయంతి స్మారకంగా వెలువడిన వంద రూపాయల నాణెం హైదరాబాదు టంకశాల ముద్రణే. రాజుకు దక్కిన గౌరవం ప్రజలు ఎన్నుకున్న నాయకునికి దక్కడం ఈ చరిత్రలో గుర్తించదగిన మార్పు.

ముగింపు

నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు. ‘ఐన్’ అక్షరపు తొలి నాణేలు ఇప్పటికే ఆ పరిధిలోకి వచ్చాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపరాదు. భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన నిధి గురించి 1878 చట్టం మేరకు కలెక్టరుకు తెలియజేయాలి. అయితే వెండి ధర కోసం కరిగించిన నాణేన్ని ఏ చట్టమూ తిరిగి తేలేదు. దొరికిన ఊరి పేరు చెరిగిపోతే మిగిలిన నాణెం కూడా సగం మూగబోతుంది. మెరుగుపెట్టిన నాణెం కంటే ఆభరణానికి కొండీ అతికించిన అరిగిన రూపాయే ప్రజల చరిత్రను ఎక్కువగా చెప్పగలదు. కనుక సేకర్త నాణెం రకంతోపాటు అది దొరికిన చోటును, ఎవరు ఎలా దాచుకున్నారనే వివరాన్ని కూడా నమోదు చేయాలి.