రెండున్నర గంటల తేడా

దోహాలో జులై మధ్యాహ్నం. కిటికీ అద్దం తాకితే చెయ్యి చురుక్కుమంటుంది. లోపల ఏసీ చలికి మీరు మడిచిన చొక్కా చేతులు దించుకుంటారు. బల్లమీద ప్లేస్టేషన్ 4 ఉంది. డిజిటల్ ఫోరెన్సిక్స్ సాధన కోసం అల్లిన కేసు ఇది: హైదరాబాద్ కుర్రాడు ఇంటినుంచి వెంట తెచ్చుకున్న పెట్టె. ఒక రాత్రి తొమ్మిదింటికి దోహా నజ్మాలోని తన గదిలో గేమ్ ఆడుతున్నానంటాడు. కాదు, వేరేచోట ఉన్నాడని ఫిర్యాదు.

పైమూత పక్కకు జరిపి స్క్రూ విప్పుతారు. 500 జీబీ హార్డ్ డిస్క్ చేతిలోకి వస్తుంది. దాన్ని రైట్ బ్లాకర్‌కు తగిలిస్తారు; అది చదవనిస్తుంది, రాయనివ్వదు. కాపీ పూర్తయ్యాక హాష్ విలువలు సరిచూస్తారు. అసలుకూ నకలుకూ తేడా లేదు. తీరా నకలు తెరిస్తే తలాతోకా లేని బైట్లు. అంతా ఎన్‌క్రిప్ట్ చేసి ఉంది, తాళంచెవి ఆ పెట్టె దగ్గరే ఉంది.

అంటే పెట్టెనే అడగాలి. కానీ ఆన్ చేసిన క్షణం నుంచీ అది డిస్క్‌మీద ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. 2015లో మాథ్యూ డేవిస్ బృందం ఈ కన్సోల్‌నే పరిశోధించి దారి చూపింది. డిస్క్‌కూ కన్సోల్‌కూ మధ్య షాడో అనే పరికరం పెడితే కొత్త రాతలన్నీ అది తన దగ్గరే ఆపుకుంటుంది. అసలు డిస్క్ చెక్కుచెదరదు. మీరూ అలాగే కలుపుతారు. నెట్ కేబుల్ పీకేస్తారు. తెరమీద కనిపించేదంతా రికార్డవుతోంది.

గేమ్‌లో సాధించిన ట్రోఫీల పట్టీ తెరుస్తారు. ఆ తేదీన ఒకటి ఉంది. సమయం రాత్రి 11:34.

కుర్రాడి మాట అబద్ధమా? ఆగండి. సెట్టింగ్స్‌లో టైమ్ జోన్ చూడండి. ఇంకా ఇండియాదే. దోహాకు వచ్చాక మార్చలేదు. రెండున్నర గంటలు తీసేస్తే 9:04. కన్సోల్ గడియారం సరిగా నడుస్తోందో లేదో కూడా అసలు టైముతో పోల్చి రాసుకుంటారు.

ఖతార్‌లో కోర్టు నడిచేది అరబీలో. ఆ భాష రాని కుర్రాడి తరఫున ఈ 9:04 మాట్లాడాలి. జోన్ చూడకుండా 11:34 అని రిపోర్టు పంపితే ఒక నిర్దోషి జీవితం కూలిపోవచ్చు. ఎంత అలసినా ఈ ఒక్క పరీక్షా వదలకూడదు.

ఇంకా పని ఉంది. కుర్రాడిది షేరింగ్ రూము. ట్రోఫీ అకౌంట్‌ది, కంట్రోలర్ ఎవరి చేతిలో ఉందో అది చెప్పదు. ఆ మాట కూడా రిపోర్టులో రాసి, మెసేజ్‌లు తెరుస్తారు.